వాన వెలిసినా వరద రావచ్చు

సూరత్ నగరంలో కతర్‌గామ్ పేరు వినగానే వజ్రాల సాన, జౌళి మరమగ్గాలు మనకు గుర్తుకు వస్తాయి. తాపీ నది ఎడమ గట్టున వెలసిన ఈ ప్రాంతానికి జీవనాధారమైన నీరే ఒక్కొక్కప్పుడు గండంగా మారుతుంది. ఆ గండం రెండు దారుల్లో వస్తుందని మనం గ్రహించవలసి ఉన్నది.

మొదటి దారి ఆకాశం. వేసవి చివర ఉరుములతో ఒక్కసారిగా కురిసే జడివానను కాలువలు మోయలేవు. చెత్త అడ్డుపడితే ఇక చెప్పనక్కరలేదు. రెండవ దారి నది. ఎగువన సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయం ఉన్నది. మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో కురిసిన వాన దానిని నింపితే, మన ఇంటిపై చినుకు రాలకున్నా తాపీ పొంగుతుంది. 2006 ఆగస్టులో జలాశయం నుండి విడుదలైన నీరు సుమారు 9 లక్షల క్యూసెక్కులకు చేరగా, నగరంలో అధికభాగం నీట మునిగింది.

ఈ రెండూ కలిసిన నాడు ముప్పు మరింత పెరుగుతుంది. నది మట్టం హెచ్చినప్పుడు నీరు ఎదురెక్కకుండా వాననీటి కాలువల తలుపులు మూస్తారు. అప్పుడు నగరంలో పడిన వానకు బయటికి దారి ఉండదు, పంపులతో తోడిపోయవలసిందే.

కనుక తొలి ఉరుము వినపడక మునుపే సిద్ధపడుదాం. ఇంటి ముందరి కాలువలో చెత్త వేయకుందాం. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎత్తున ఉంచుదాం. టార్చి, మందులు, అటుకులు, రెండు మూడు రోజులకు సరిపడే తాగునీరు దగ్గర పెట్టుకుందాం. నీరు గుమ్మం చేరక ముందే మెయిన్ స్విచ్ ఆపుదాం. ఉరుములు వినిపిస్తున్నంతసేపు డాబాపైకి గాని, చెట్టు కిందికి గాని పోరాదు. వరద తీసిన పిదప నీటిని కాచి తాగాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన లెప్టోస్పైరోసిస్ జ్వరం సోకవచ్చు గనుక, కాలికి గాయమున్నవారు బురదలో దిగరాదు.

చివరగా ఒక్క మనవి. ఉకాయ్ నుండి వదిలిన నీరు నగరానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలే మనకు ఆయుర్దాయం. తెలుగునాటి నుండి కొత్తగా వచ్చి, నేలమట్టపు గదుల్లో నివసించేవారికి గుజరాతీ హెచ్చరిక అర్థం కాకపోవచ్చు. భాష తెలిసిన మనం వారి తలుపు తట్టి చెబుదాం. వృద్ధులను, పసిపిల్లలను ముందుగా పై అంతస్తుకు చేర్చుదాం.