లాసన్స్ బే అడ్రస్ కొడితే మీ ప్రాజెక్టు ఆగిపోతోందా?

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ ఫారం తెరవండి. అడ్రస్ దగ్గర ‘లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. లాసన్ పేరు తర్వాత, ‘ఎస్’ అక్షరానికి ముందు వచ్చే చిన్న గీత, అదే అపాస్ట్రఫీ, మాత్రం మర్చిపోకండి. సబ్మిట్ నొక్కండి. అడ్రస్ మామూలుగా సేవ్ అయిందంటే మంచిదే. తెర మీద ‘ఎస్‌క్యూఎల్ సింటాక్స్ ఎర్రర్’ అంటూ ఇంత పొడవు మెసేజ్ వచ్చిందంటే మాత్రం ఇంటర్వ్యూకి వెళ్లేలోపు సరిచేసుకోవాల్సిన పని ఒకటుంది. డాల్ఫిన్స్ నోస్ అని కొట్టినా ఇంతే. బ్రిటిష్ కాలం నుంచి మన ఊరికి మిగిలిన ఈ పేర్లు ప్రోగ్రామర్లకి ఉచితంగా దొరికిన టెస్ట్ డేటా!

ఇంతకీ ఎర్రర్ ఎందుకొచ్చింది? డేటాబేస్ భాషలో ఆ చిన్న గీతకి వేరే పని ఉంది. అక్కడ అది సింగిల్ కోట్. విలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తు. మీ కోడ్ ఆ అడ్రస్‌ని తెచ్చి క్వెరీ మధ్యలో అతికించింది. డేటాబేస్ చదువుకుంటూ వచ్చి, లాసన్ పక్కన కోట్ కనబడగానే అడ్రస్ అయిపోయిందనుకుంది. తర్వాత మిగిలిన ‘ఎస్ బే కాలనీ’ ఏంటో అర్థంకాక చేతులెత్తేసింది.

లాసన్స్ బేలో ఉండే మనిషికి దురుద్దేశం ఏమీ లేదు. కానీ అదే పెట్టెలో, కోట్ తర్వాత డేటాబేస్‌కి అర్థమయ్యే మాటలే ఎవరైనా రాస్తే? ఎర్రర్ రాదు, ఆ పని జరిగిపోతుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటే ఇదే.

ఒక్క గీతతో లాగిన్

కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే లాగిన్ క్వెరీ ఇలా ఉంటుంది (చదవడానికి తెలుగులో రాస్తున్నా, ఎడిటర్‌లో మీకు అలవాటైన ఇంగ్లిష్‌లోనే ఊహించుకోండి):

సెలెక్ట్ * ఫ్రమ్ యూజర్స్ వేర్ నేమ్ = 'అడ్మిన్' అండ్ పాస్‌వర్డ్ = '1234'

ఇందులో పేరు, పాస్‌వర్డ్ రెండూ ఫారం నుంచి వచ్చి ప్లస్ గుర్తుతోనో, డాట్‌తోనో అతుక్కున్నవే. ఇప్పుడు ఎవరో పేరు దగ్గర అడ్మిన్ అని రాసి, ఒక సింగిల్ కోట్, స్పేస్, రెండు అడ్డగీతలు, మళ్లీ ఓ స్పేస్ కొట్టారనుకోండి. క్వెరీ ఇలా మారిపోతుంది:

సెలెక్ట్ * ఫ్రమ్ యూజర్స్ వేర్ నేమ్ = 'అడ్మిన్' -- ' అండ్ పాస్‌వర్డ్ = ''

రెండు అడ్డగీతల తర్వాత ఉన్నదంతా డేటాబేస్‌కి కామెంట్ కిందే లెక్క. అంటే పాస్‌వర్డ్ అడగడమే మానేసింది. రిజల్ట్స్ పేజీలో రోల్ నంబర్ తీసుకునే చోట ఈ లోపం ఉంటే, ‘యూనియన్ సెలెక్ట్’ జోడించి అసలు సంబంధంలేని టేబుల్ నుంచి ఫోన్ నంబర్లు కూడా లాగొచ్చు. రోల్ నంబర్ అంకె కాబట్టి అక్కడ కోట్ అవసరం కూడా ఉండదు. అందుకే ‘కోట్‌లని తీసేస్తే చాలు కదా సర్’ అనే సమాధానం ఇంటర్వ్యూలో నిలబడదు.

పాతికేళ్లు దాటిన లోపం

ఇది కొత్త సంగతేం కాదు. జెఫ్ ఫోరిస్టల్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు 1998 డిసెంబర్‌లోనే ‘ఫ్రాక్’ అనే హ్యాకర్ల పత్రికలో దీని గురించి రాశాడు. ఈ వ్యాసం చదివేవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టలేదు. అయినా లోపం మాత్రం ఇంకా పోలేదు. 2015 మేలో మన దేశంలో పాటల సైట్ ‘గానా’ యూజర్ల డేటాబేస్‌లోకి లాహోర్‌కి చెందిన ఓ హ్యాకర్ ఈ దారిలోనే వెళ్లాడు. అదే ఏడాది అక్టోబర్‌లో బ్రిటన్ టెలికాం కంపెనీ టాక్‌టాక్ వంతు వచ్చింది. దాదాపు 1,57,000 మంది కస్టమర్ల వివరాలు పోయాయి. 2016లో అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం ఆ కంపెనీకి 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

టాక్‌టాక్ కథ ఫ్రెషర్లు తప్పకుండా తెలుసుకోవాలి. హ్యాకర్లు దూరిన పేజీలు ఆ కంపెనీ తాను రాసుకున్నవి కావు. 2009లో టిస్కాలి అనే మరో కంపెనీ బ్రిటన్ వ్యాపారాన్ని కొన్నప్పుడు దాంతోపాటు వచ్చినవి. అవి ఉన్నాయన్న సంగతే ఎవరూ పట్టించుకోలేదు. రేపు మీరు ఉద్యోగంలో చేరాక మొదటి ఆర్నెల్లు ముట్టుకునేది ఇలాంటి కోడే. ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయింది, ‘పనిచేస్తోంది కదా, కదపకు’ అని సీనియర్లు చెప్పేది.

2023లో ‘మూవ్ఇట్’ అనే ఫైళ్లు పంపుకొనే సాఫ్ట్‌వేర్‌లో ఇదే లోపం బయటపడి, రెండు వేలకు పైగా సంస్థలు ఇబ్బందిపడ్డాయి. 2024 మార్చిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, ఎఫ్‌బీఐ కలిసి సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ ఈ లోపాన్ని సమూలంగా తీసేయాలని కోరాయి. వెబ్ లోపాల జాబితా ఇచ్చే ఓవాస్ప్ సంస్థ 2017లో ఇంజెక్షన్‌ని మొదటి స్థానంలో పెట్టింది. 2021లో అది మూడుకి, 2025లో ఐదుకి దిగింది. తగ్గింది, పోలేదు.

మన రాష్ట్రం సంగతికొస్తే, 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు బయటికి కనిపించాయి. దానికి ఇంజెక్షన్ కూడా అక్కర్లేకపోయింది, తెరిచే ఉన్నాయి. డేటాబేస్‌లో ఒక్కో వరుస వెనక ఇల్లు కోసం దరఖాస్తు పెట్టుకున్న ఓ కుటుంబం ఉంటుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

కంటైనర్‌లో వేసి పంపండి

మరి సరైన పద్ధతేంటి? దీనికి విశాఖ పోర్టు కన్నా మంచి పోలిక నాకు దొరకలేదు. క్రేన్ ఆపరేటర్‌కి పని చెప్పేది వర్క్ ఆర్డర్. ఏ కంటైనర్, ఎక్కణ్నుంచి ఎక్కడికి అన్నది అందులోనే ఉంటుంది. సీల్ వేసిన కంటైనర్ లోపల ఓ కాగితం మీద ‘మిగతావన్నీ సముద్రంలో పడేయండి’ అని ఎవరైనా రాసి పెట్టినా, ఆపరేటర్ దాన్ని చదవడు. ఆజ్ఞ వచ్చే దారి వేరు, సరుకు వచ్చే దారి వేరు.

ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ చేసేది అదే. విలువ రావాల్సిన చోట ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, క్వెరీని ముందు డేటాబేస్‌కి పంపుతాం. అది దాన్ని చదివి, ఏం చేయాలో ఖాయం చేసుకుంటుంది. ఆ తర్వాతే పేరు, పాస్‌వర్డ్ విడిగా వెళ్తాయి. అప్పటికి ఆజ్ఞ తయారైపోయింది కాబట్టి, విలువలో కోట్ ఉన్నా, అడ్డగీతలున్నా అవి వట్టి అక్షరాలే. జావాలో దీనికి ప్రిపేర్డ్‌స్టేట్‌మెంట్ ఇంటర్‌ఫేస్ ఉంది. పీహెచ్‌పీలో పీడీఓ, మైఎస్‌క్యూఎల్ఐ రెండింట్లోనూ ప్రిపేర్ ఉంది.

పైథాన్ వాళ్లు కాస్త జాగ్రత్త. ఎగ్జిక్యూట్ ఫంక్షన్‌లో క్వెరీ తర్వాత కామా పెట్టి విలువల్ని టపుల్‌గా ఇస్తే సురక్షితం. ఆ కామా బదులు పర్సెంట్ గుర్తు పెడితే, లేదా ఎఫ్-స్ట్రింగ్ వాడితే, మళ్లీ అతికించినట్టే. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. ఏఐ టూల్స్ ఇచ్చే కోడ్‌లో కూడా ఇది దొర్లుతుంటుంది, కళ్లు మూసుకుని కాపీ చేయకండి.

‘మేం జాంగో వాడతాం, హైబర్నేట్ వాడతాం, మాకీ బాధ లేదు’ అనేవాళ్లుంటారు. చాలావరకు నిజమే. కానీ ఏదో రిపోర్టు కోసం రా క్వెరీ రాసిన రోజు ఆ రక్షణ పోతుంది. ఇంకో చిక్కు ‘ఆర్డర్ బై’. కాలమ్ పేరుని పారామీటర్‌గా పంపడం కుదరదు. అందుకని అనుమతించే కాలమ్ పేర్ల జాబితా ఒకటి కోడ్‌లోనే పెట్టుకుని, వచ్చిన పేరు అందులో ఉంటేనే వాడాలి. ఇంటర్వ్యూలో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అనగానే చాలామంది ఆగిపోతారు. ఈ ఆర్డర్ బై సంగతి మీరే ఎత్తితే, చదివి వచ్చారా, రాసి వచ్చారా అన్నది అవతలివాళ్లకి తెలిసిపోతుంది.

జావాస్క్రిప్ట్ వాలిడేషన్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది బ్రౌజర్‌లో ఉంటుంది, హ్యాకర్ బ్రౌజర్ లేకుండానే రిక్వెస్ట్ పంపగలడు. పోతే, ఎక్సాంప్‌లో పాస్‌వర్డ్ లేని రూట్ అకౌంట్‌తో ప్రాజెక్టు చేసి, అలాగే సర్వర్‌కి ఎక్కించే అలవాటు వెంటనే మానేయాలి. వెబ్‌సైట్‌కి చదవడం, రాయడం చాలనుకుంటే, టేబుల్స్ తుడిచేసే హక్కు దానికెందుకు?

సాధన ఎక్కడ?

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించాక క్లౌడ్, ఏఐ కోర్సుల వైపే అందరి చూపూ ఉంది. తప్పు కాదు. కానీ చాలామందికి మొదటి ఉద్యోగం ఏ షిప్పింగ్ ఏజెంట్ పోర్టల్‌నో, హాస్పిటల్ సైట్‌నో నడిపే చిన్న కంపెనీలోనే దొరుకుతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. ఇలాంటి లోపాన్ని వెతికి సరిచేయగల మనిషి చిన్న కంపెనీకీ కావాలి. ప్రభుత్వ సైట్లకి సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్లతో తనిఖీ చేయించాలన్న నియమం ఉంది కాబట్టి, ఆ ఆడిట్ సంస్థలు మరో దారి.

సాధనకి పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీలో ఉచిత ల్యాబ్‌లున్నాయి. ఓవాస్ప్ వాళ్ల వెబ్‌గోట్, జ్యూస్ షాప్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి. కాలేజీ రిజల్ట్స్ సైట్ మీద, ఆన్‌లైన్ షాపుల మీద మాత్రం ‘ఊరికే చూద్దాం’ అని ప్రయత్నించకండి. అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తారు. దురుద్దేశంతో చేసినట్టు తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఏదైనా సైట్‌లో మామూలుగా అడ్రస్ కొడుతుంటేనే లోపం బయటపడిందనుకోండి, అక్కడితో ఆగి, స్క్రీన్‌షాట్‌తో ఆ సంస్థకో, సెర్ట్-ఇన్‌కో మెయిల్ పెట్టండి.