దారి తప్పించే తరంగాలు

2024 ఏప్రిల్ 25, 26 తేదీల్లో హెల్సింకి నుంచి ఎస్తోనియాలోని టార్టు నగరానికి వెళ్లిన రెండు ఫిన్నెయిర్ విమానాలు అక్కడ దిగలేక వెనక్కి తిరిగి వెళ్లాయి. జీపీఎస్ అందకపోవడమే కారణం. టార్టులో దిగే పద్ధతి అంతా జీపీఎస్ మీదే నడిచేది. అది పోతే రన్‌వేకి దారి చూపే మరో ఏర్పాటు ఆ సర్వీసుకి లేకపోయింది. ఏప్రిల్ 29 నుంచి నెలపాటు ఆ సర్వీసునే ఆపేశారు. నేల మీది రేడియో కేంద్రాల నుంచి దూరం లెక్కగట్టుకుని దిగే పద్ధతి సిద్ధమయ్యాక, జూన్‌లో విమానాలు మళ్లీ మొదలయ్యాయి. సిగ్నళ్లను చెడగొడుతున్నది రష్యాయేనని ఎస్తోనియా ఆరోపించింది. ఎస్తోనియాలో యుద్ధం లేదు. అయినా సైన్యాలు వాడే ఎలక్ట్రానిక్ ఆయుధం అక్కడి మామూలు ప్రయాణికుల దారి మూసేసింది. ఈ ఆయుధం వాడకాన్ని ఎవరూ ఆపలేరు కాబట్టి, ఉపగ్రహం ఒక్కదాన్నే నమ్ముకుని పాత రేడియో ఏర్పాట్లను తీసేయడం ఏ దేశానికైనా ప్రమాదమే.

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అంత దూరం నుంచి వచ్చే సంకేతం నేలకు చేరేసరికి ఎంతో బలహీనపడుతుంది. తిరునాళ్లలో మైకుల హోరు మధ్య ఎవరో గొణిగే మాట వినడం ఎలాంటిదో, దాన్ని పట్టుకోవడం అలాంటిది. అదే పౌనఃపున్యంలో నేల మీంచి ఎవరైనా గట్టిగా రొద పెడితే రిసీవర్‌కు అసలు మాట వినపడదు. ఇది జామింగ్. రెండోది స్పూఫింగ్, ఇంతకంటే ప్రమాదకరం. ఉపగ్రహం పంపినట్టే కనిపించే దొంగ సంకేతాన్ని రిసీవర్‌కు అందిస్తారు. జామింగ్‌లో కనీసం జీపీఎస్ పోయిందని తెలుస్తుంది. స్పూఫింగ్‌లో యంత్రం తప్పు చోటునే సరైన చోటని చూపిస్తూ పోతుంది.

విమానంలో జీపీఎస్ పని మ్యాపులో చుక్క చూపించడంతో అయిపోదు. గడియారం టైము దాన్నుంచే తీసుకుంటుంది. కొండలు, నేల దగ్గరపడుతున్నాయని హెచ్చరించే పరికరం కూడా దాని మీదే ఆధారపడుతుంది. స్పూఫింగ్ జరిగినప్పుడు కాక్‌పిట్ గడియారం ఉన్నట్టుండి ముందుకో వెనక్కో దూకుతుంది. మ్యాపులో విమానం వేరే చోటికి జరిగిపోతుంది. ఒక్కోసారి వేల అడుగుల ఎత్తులో సాఫీగా వెళుతుండగా 'పైకి లేపు, పైకి లేపు' అని హెచ్చరిక మోగుతుంది. దొంగ హెచ్చరికలు విని విని, నిజమైనది మోగిన రోజున పైలట్ క్షణం తటపటాయిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే.

మరి సైన్యాలు ఈ పని మానుకోవచ్చు కదా అంటే, మానుకోవు. వాటికి గట్టి కారణాలున్నాయి. జీపీఎస్ సాయంతో గురిచూసుకునే ఎక్స్‌కాలిబర్ ఫిరంగి గుండ్లు ఉక్రెయిన్‌లో మొదట బాగా పనిచేశాయి. రష్యా జామింగ్ పెరిగేకొద్దీ వాటి గురి బాగా దెబ్బతింది. రేడియో మీద నడిచే డ్రోన్లకూ అదే గతి పట్టింది. అందుకే ఇప్పుడు ఇరుపక్షాలూ సన్నని ఫైబర్ తీగను వెనకాల వదులుకుంటూ పోయే డ్రోన్లు వాడుతున్నాయి. గాలిలో సిగ్నలే లేకపోతే జామ్ చేయడానికి ఏముంటుంది? గాజా యుద్ధం సాగుతుండగా, 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ తన రక్షణ కోసం జీపీఎస్‌ను తారుమారు చేసినప్పుడు, టెల్ అవీవ్‌లో జనం చేతుల్లోని ఫోన్లు వాళ్లు బీరూట్‌లో ఉన్నట్టు చూపించాయి. మీద పడబోయే డ్రోన్‌ను దారి తప్పించడం ఏ దేశానికైనా ఆత్మరక్షణే. దాన్ని నేను తప్పుపట్టను. తరంగానికి మాత్రం డ్రోన్ ఏదో, ప్రయాణికుల విమానం ఏదో తెలియదు.

ఇది ఎక్కడో ఐరోపాలోనో, పశ్చిమాసియాలోనో జరిగే గొడవ కాదు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు మన దేశ సరిహద్దు ప్రాంతంలో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్మూ పరిసరాల్లో, విమానాల జీపీఎస్‌కు ఆటంకం కలిగిన ఘటనలు 465 అని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఢిల్లీలో 10వ నంబరు రన్‌వే వైపు జీపీఎస్ పద్ధతిలో దిగుతున్న కొన్ని విమానాలకు స్పూఫింగ్ ఎదురైందని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025 డిసెంబరులో రాజ్యసభకు చెప్పారు. ఆటంకాల నివేదికలు వస్తున్న విమానాశ్రయాల పేర్లలో హైదరాబాద్ కూడా ఉంది. ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలను రూపొందించే డీఆర్‌డీవో ప్రయోగశాల డీఎల్‌ఆర్‌ఎల్ ఉన్నది హైదరాబాద్‌లోనే. శత్రువు తరంగాలను ఎదుర్కొనే విద్య మన దగ్గర ఉంది, అదే జాగ్రత్త పౌర విమానాల విషయంలోనూ ఉండాలి.

మనకు దారి చూపే సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఉంది కదా అని కొందరంటారు. నావిక్ అవసరమే, పరాయి దేశం దయ మీద ఆధారపడే పరిస్థితిని అది తగ్గిస్తుంది. కానీ అదీ ఉపగ్రహమే. దాదాపు 36,000 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే దాని సంకేతమూ బలహీనమైనదే, దాన్నీ జామ్ చేయవచ్చు. జామింగ్‌ను తట్టుకునే యాంటెన్నాలు వచ్చాయి కదా అనేది మరో మాట. అవి యుద్ధ విమానాలకు, క్షిపణులకు అమరుతున్నాయి. మామూలు ప్రయాణికుల విమానాలన్నిటికీ వాటిని అమర్చాలంటే ఏళ్లు పడుతుంది, ఖర్చూ తక్కువ కాదు. వాడకం తగ్గిన నేల మీది పరికరాలను పోషించడం దండగ అనే వాదనలో కొంత నిజం ఉంది. వాటికి స్థలం, కరెంటు, మరమ్మతు, మనుషులు కావాలి. అమెరికా ఆ లెక్కే వేసుకుని 2010లో తన లోరాన్-సి రేడియో కేంద్రాలను మూసేసింది. అదే 2010 నుంచి ఉత్తర కొరియా జామింగ్‌ను భరిస్తున్న దక్షిణ కొరియా మాత్రం ఆ పద్ధతికే మెరుగైన రూపమైన ఈ-లోరాన్‌ను నిర్మించుకుంది. దెబ్బ తిన్నవాళ్లు వేసిన లెక్కే నాకు సబబుగా తోస్తుంది.

అంతర్జాతీయ పౌర విమానయాన, టెలికాం, నౌకాయాన సంస్థలు మూడూ కలిసి 2025 మార్చిలో చేసిన హెచ్చరికలో, సంప్రదాయ దారిచూపు పరికరాలను తగినన్ని ఉంచుకోవాలని దేశాలను కోరాయి. మన దేశంలోనూ ఆ పరికరాలతో కనీస వ్యవస్థను నిలుపుతున్నామని ప్రభుత్వం చెబుతోంది. ఆ 'కనీసం'లో ఏయే విమానాశ్రయాలున్నాయో, జీపీఎస్ పూర్తిగా పోయిన రోజున ఏ రన్‌వే మీద ఎలా దిగవచ్చో ఎన్నిసార్లు పరీక్షించారో పార్లమెంటుకు ఏటా చెప్పాలి. మన ఎంపీలు ఈ ప్రశ్న అడగాలి.