శ్రమ అంటే ఓర్చుకోవడమేనా?

తెలుగు బైబిలు చదివేవాళ్ళకు 'శ్రమ' అంటే బాధ, హింస. చేలో దిగేవాళ్ళకు శ్రమ అంటే పని. ఈ రెండర్థాలూ ఒకే మనిషి మీద పడే చోటు తణుకు చుట్టుపక్కల క్రైస్తవ దళిత పేటలు. ఈస్టరుకు ముందు నలభై రోజుల్ని మన సంఘాలు శ్రమల కాలం అంటాయి. డెల్టాలో అవి దాళ్వా చేలు కోతకొచ్చే రోజులు. శుభశుక్రవారం ఏడు మాటల ప్రసంగం విని, మర్నాడు కొడవలి పట్టుకునేవాళ్ళున్నారు.

వాళ్ళకు పుల్పిట్ మీంచి వినపడే మాట ఒకటే: శ్రమ వస్తేనే విశ్వాసం ఎదుగుతుంది, ఓర్చుకోండి. దీనికి ఆధారం రోమా పత్రిక 5వ అధ్యాయం. శ్రమలోంచి ఓర్పు, ఓర్పులోంచి నిబ్బరం, అందులోంచి నిరీక్షణ పుడతాయంటాడు పౌలు. కాదనలేం. కానీ ఆ పౌలు నోరు మూసుకుని ఓర్చుకున్నవాడు కాదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, చెరసాలలో వేసి, తెల్లారాక గుట్టుగా పొమ్మన్నారు. పోనన్నాడు. మేం రోమా పౌరులం, కొట్టించినవాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అని పట్టుబట్టాడు. అదే అధ్యాయంలో భూకంపమొచ్చి చెరసాల తలుపులు తెరుచుకున్న ముక్క మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో! ఈ ముక్క మీద ఎన్ని విన్నాం?

1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో మిషను పని మొదలుపెట్టాయి. ఇన్నేళ్ళలో ఆ విశ్వాసం పేటకు ఇచ్చిందేమిటంటే నేను ముందు చెప్పేది సాక్ష్యం. కామందు ముందు తలెత్తని కూలి ఆడమనిషి సంఘం మధ్య లేచి నిలబడి తన కష్టం తన మాటల్లో చెప్పుకుంటుంది. నా దృష్టిలో ఆత్మీయ ఎదుగుదల అంటే అదీ. చిక్కెక్కడంటే, జబ్బు గురించి చెప్పొచ్చు, ఆకలి గురించి చెప్పొచ్చు. కూలి ఎగ్గొట్టినవాడి సంగతి ఎత్తితే మాత్రం 'అది లోకసంబంధం' అని ఆపేసే అయ్యగార్లున్నారు.

2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టినందుకు దళితులను వెలివేశారు. కూలిపనులకు పిలవడం మానేశారు, కౌలు పొలాలు లాక్కున్నారు. ఇలాంటి శ్రమను దేవుని పరీక్ష అన్నామంటే, చేసినవాళ్ళను తప్పించి దేవుడి మీదకు తోసినట్టే. పరీక్షలో నిలబడ్డం వేరు, పరీక్ష పెట్టిందెవరో తెలియనట్టు ఉండటం వేరు.

సర్టిఫికెట్ల సంగతీ ఇలాంటిదే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మంతో కులం పోలేదు, కులం వల్ల రావాల్సిన రక్షణ పోయింది. అందుకే మనోళ్ళలో ఎంతోమందికి ఆఫీసులో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. దీన్ని విశ్వాసం చాలకపోవడం అని పుల్పిట్ మీంచి దెప్పుతారు. పేట మనిషి పట్టుకున్నది తన పౌరహక్కును. ఫిలిప్పీలో పౌలు ఎత్తిచూపిందీ దాన్నే.