సర్వాంగ కవచం ఎవరితో యుద్ధానికి?

మా వాల్మీకిపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం ఆరాధనకు పోతే ఒక మాట తరచుగా వినబడుతుంది. విశ్వాసి అంటే యోధుడు, సర్వాంగ కవచం తొడుక్కోవాల. నడుముకు సత్యం, రొమ్ముకు నీతి, కాళ్లకు సువార్త జోళ్లు, చేతికి విశ్వాసపు డాలు, తలకు రక్షణ, ఇంకో చేతికి వాక్యమనే ఖడ్గం. అందరం ఆమేన్ అంటాం. సోమవారం తెల్లారితే ఆ యోధులమే కూలికి పోయి, రైతు ఇంటి బయట నిలబడి, మనకని పక్కన పెట్టిన గ్లాసులో టీ తాగి వస్తాం. మరి కవచం ఎక్కడ వదిలిపెట్టాం? అసలు మన యుద్ధం ఎవరితో? దళిత క్రైస్తవుల చరిత్ర నుంచి ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే అధ్యాయంలో రెండు మాటలు

ఈ కవచం వర్ణన పౌలు పేరుతో ఉన్న ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది. సంకెళ్లలో ఉన్న ఖైదీ మాట అది. ఒంటిమీది సామాను రోమన్ సైనికుడిది. అంటే తనను బంధించిన రాజ్యం ఆయుధాలనే ఖైదీ తీసుకుని వాటి అర్థం మార్చేశాడు. అందులో దాడి చేసే ఆయుధం ఒక్కటే, వాక్యం. తక్కినవన్నీ పడిపోకుండా నిలబడడానికి. పోరాటం రక్తమాంసాలున్న మనుషులతో కాదు, అధికారాలతో అని కూడా అక్కడే ఉంది. మన బోధకులు దీన్ని దయ్యాల మీదికి తోసి ముగిస్తారు. కాని కులం మాత్రం ఏమిటి? ఒక రెడ్డి పేరో నాయుడి పేరో కాదు. ఆ మనిషి చచ్చినా చావకుండా కొడుక్కి సంక్రమించే అధికారం అది.

అదే అధ్యాయం మొదట్లో దాసులు యజమానులకు లోబడాలన్న మాట కూడా ఉంది. దీన్ని దాచిపెట్టి లాభం లేదు. ఏ భాగం చదువుతున్నాం, ఏ భాగం వదిలేస్తున్నాం అన్నదాని మీదే మన మనస్తత్వం ఆధారపడుతుంది. లోబడమన్న మాటను నేలమీది బతుక్కీ, యుద్ధమన్న మాటను ఆకాశానికీ కేటాయిస్తే యోధుడు తయారు కాడు. మంచి పాలేరు తయారవుతాడు.

జోళ్ల సంగతి చూడండి. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగ, ఊరి వీధిలోకి వచ్చేసరికి తన చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సి వచ్చేది. అలాంటివాడికి కాళ్లకు జోళ్లు తొడుక్కో అని చెప్పడం అలంకారం కాదు. అది సామాజిక ప్రకటన.

ఆదివారం అనే సమ్మె

మన మదనపల్లెకు ఆర్కాట్ మిషన్ తరఫున జేకబ్ చాంబర్లేన్ 1863లో వచ్చాడు. అదే దశాబ్దంలో ఒంగోలు ప్రాంతంలో జరిగింది ఇంకా గమనించదగ్గది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారి. అంతకుముందే యోగమార్గం బోధించినవాడు. తెల్లదొర వచ్చి మేల్కొలిపిన అమాయకుడు కాదు. తన పల్లెలకు తనే బోధకుడయ్యాడు.

అక్కడి విశ్వాసులు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి మత నియమాలు. లోపల చూస్తే ఊరి వెట్టి వ్యవస్థ మీద దెబ్బ. ఆదివారం పనికి రానన్నవాడు, తన ఒంటిమీద హక్కు తనదే అన్నాడు. విగ్రహానికి మొక్కనన్నవాడు జాతరలో పలక కొట్టడానికి రాడు. అందుకే కరణాలు, పెద్ద కులాలవాళ్లు వాళ్లను పనుల్లోంచి తీసేశారు, వేధించారు. అయినా 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది కరువులో గంజికోసం జరిగిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కాని కరువు పనులు సాగినంతకాలం మిషనరీ క్లౌ బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడని మరిచిపోకూడదు.

బిందె ఎత్తిన సువార్త

1985 జూలైలో కారంచేడులో, మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్న మాదిగ కుర్రవాణ్ణి కమ్మ యువకులు కొడుతుంటే, నీళ్లకొచ్చిన ఒక స్త్రీ అడ్డం వచ్చి బిందె ఎత్తింది. ఆమె పేరు మున్నంగి సువార్త. మరునాడు, జూలై 17న, దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. బతికినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టుకకు దారి పడింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు బాధితులు తెనాలిలోని సాల్వేషన్ ఆర్మీ ఆవరణకు చేరారు. సైన్యం పేరు పెట్టుకున్న చర్చి వాకిట్లో నిజమైన యుద్ధబాధితులు నిలబడ్డారన్నమాట. వాళ్లు కత్తులు పట్టలేదు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని పట్టుబట్టి సాధించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇన్నేళ్లు సాక్ష్యం మార్చకుండా నిలబడడమే ఇక్కడ విశ్వాసపు డాలు.

నడికట్టు దగ్గరే చిక్కు

కవచంలో మొదటిది సత్యమనే నడికట్టు. సరిగ్గా అక్కడే రాజ్యం మనల్ని పట్టుకుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ. మతం మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. కొట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి కొట్టడు. చట్టం మాత్రం అడుగుతుంది.

నాకూ రెండు పేర్లున్నాయి, ఒకటి చర్చిలో, ఒకటి సర్టిఫికెట్లో. బడిలో చేర్చేటప్పుడు ఒక అయ్యవారు, "ఆ పేరు రాస్తే పిల్లోడికి స్కాలర్‌షిప్ రాదు" అంటే మా నాయన తల ఊపాడు. ఆ రెండో పేరు మీదే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది. మా నాయన అబద్ధమాడాడా? సత్యం చెప్పినవాడికి శిక్ష వేసే చట్టానిదే అబద్ధమని ఇప్పుడనుకుంటాను. కాని ఆ బరువు మోసింది మాత్రం ఆయనే. చనిపోయేదాకా ప్రభురాత్రి భోజనానికి ముందుకు పోవడానికి వెనకాడేవాడు.

కాబట్టి మిత్రులారా, యోధుని మనసు అంటే చేతులు కట్టుకుని పరలోకం కోసం ఎదురుచూడడం కాదు, కోపంతో కత్తి దూయడమూ కాదు. మాల చర్చి, మాదిగ చర్చి అని మన మధ్య మనమే కట్టుకున్న గోడను ముందు కూల్చాలి. మన పాస్టర్లు ఆరో అధ్యాయం మొత్తం చదవాలి. 1950 ఉత్తర్వు మూడో పేరా ఏమంటుందో బైబిలు తరగతిలోనే పిల్లలకు చెప్పాలి. మా అవ్వకు చదువు రాదు. నాచేత వాక్యం చదివించుకుని, "చదివేవానికి భయమెందుకురా?" అనేది. వాక్యమే ఖడ్గమైతే, చదవడం నేర్చిన ప్రతి బిడ్డా దాన్ని పట్టినట్టే. ఆ ఖడ్గాన్ని ఆదివారం మధ్యాహ్నానికే ఒరలో పెట్టకుండా ఉండడం ఇక మన పని.