కార్బన్ బ్యాట్‌తో స్పిన్ రాదా?

టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లు నలుగురు చేరిన చోట బ్యాట్ల మాట రాక మానదు. వచ్చిందంటే ఒక తీర్పు కూడా దాని వెంటే వస్తుంది: స్పిన్ ఆడేవాడికి ఆల్‌వుడ్ (అంటే అంతా చెక్కే), కొట్టేవాడికి కార్బన్. సీనియర్లు జూనియర్లకు చెప్తారు, జూనియర్ల నాన్నలు స్పోర్ట్స్ షాపులో అదే వల్లిస్తారు. ఇందులో నిజం లేకపోలేదు. కాకపోతే అది వీళ్లనుకునే చోట లేదు.

అపోహ: కార్బన్ బ్యాట్ అంటే కార్బన్‌తో చేసిన బ్యాట్.

వాస్తవం: అలా చేస్తే రూల్ ఒప్పుకోదు. రబ్బర్లు అంటించకముందు ఉండే భాగాన్ని బ్లేడ్ అంటారు. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నిబంధన ప్రకారం దాని మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలి. మధ్యలో వేసే ఫైబర్ పొర ఒక్కొక్కటి మొత్తం మందంలో 7.5 శాతాన్ని గానీ 0.35 మిల్లీమీటర్లను గానీ దాటకూడదు; ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క. ఆరు మిల్లీమీటర్ల బ్లేడ్‌లో 7.5 శాతమంటే 0.45 మిల్లీమీటర్లు, కాబట్టి 0.35 దగ్గరే ఆగాలి. ఎక్కువ కార్బన్ బ్లేడ్లలో చెక్క పొరలు ఐదు, వాటి నడుమ ఫైబర్ పొరలు రెండు. అంటే మనం వాదించుకునేది చెక్కకూ కార్బన్‌కూ మధ్య పోటీ గురించి కాదు. చెక్కలో దూర్చిన రెండు పలుచని పొరలు ఏం మారుస్తాయన్నదే అసలు ప్రశ్న.

అపోహ: కార్బన్ స్పిన్‌ని చంపేస్తుంది.

వాస్తవం: బంతిని తాకేది రబ్బరు, బ్లేడ్ కాదు. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 2.7 గ్రాముల బరువు ఉన్న ఆ బంతి ఒంటిమీదుగా రబ్బరు ఎంత వేగంగా, ఎంత పట్టుగా రాసుకుంటూ వెళ్లిందన్న దాన్ని బట్టి స్పిన్ పుడుతుంది. అడుగున ఉన్న బ్లేడ్ ప్రధానంగా తేల్చేది బంతి ఎంత జోరుగా, ఎంత ఎత్తులో బయటికి వస్తుందన్నది. ఒకే జత రబ్బర్లను ముందు ఆల్‌వుడ్‌కీ తర్వాత కార్బన్‌కీ అంటించి, అదే ఊపుతో ఆడితే, స్పిన్‌లో తేడా కంటే వేగంలో, ఎత్తులో తేడానే ముందు కంటబడుతుంది.

సాక్ష్యం కావాలంటే పెద్ద ఆటగాళ్లను చూడండి. 1993లో బటర్‌ఫ్లై కంపెనీ తెచ్చిన విస్కారియాలో ఉన్నది కార్బన్, ఆరిలేట్ అనే మరో ఫైబర్ కలిపి నేసిన పొర. 2011, 2013 ప్రపంచ సింగిల్స్ టైటిళ్లు, 2012 లండన్ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన చాంగ్ చీకే ఆడింది ఆ బ్లేడ్‌తోనే. స్పిన్ పేరెత్తితే గుర్తొచ్చే జర్మన్ ఎడమచేతివాటం ఆటగాడు టీమో బోల్‌దీ ఆరిలేట్ కార్బనే. రియో, టోక్యో ఒలింపిక్స్‌లో వరుసగా సింగిల్స్ స్వర్ణాలు అందుకున్న మా లాంగ్ చేతిలోని హరికేన్ లాంగ్ 5లోనూ కార్బన్ ఉంది. వీళ్లెవరూ స్పిన్ లేకుండా బంతిని చదునుగా బాదేవాళ్లు కారు.

మరి కార్బన్‌కి మారిన కుర్రాడు "స్పిన్ పోయింది సార్" అని ఎందుకంటాడు? అబద్ధమాడడు, నిజంగానే పోతుంది. అయితే పోయేది బ్యాట్‌లోంచి కాదు, చేతిలోంచి. టేబుల్‌లో అవతలి సగం పొడవు 1.37 మీటర్లే. కొత్త బ్యాట్‌తో పాత ఊపు ఊపితే బంతి ఆ సగం దాటి వెనక పడుతుంది. రెండుసార్లు అలా పోగానే చేతికి భయం పట్టుకుంటుంది. ఊపు కురచవుతుంది, మణికట్టు బిగుసుకుంటుంది, బ్రష్ చేయాల్సిన చోట చెయ్యి బంతిని నెట్టి ఊరుకుంటుంది. స్పిన్ తగ్గడానికి అది చాలు. ఆట బాగా కుదిరినవాడు ఇదే బ్యాట్‌తో నిండు ఊపు ఊపి, కోణాన్ని కాస్త మూసి, మిగిలిన వేగాన్ని బ్రష్‌లోకి మళ్లిస్తాడు. వాడికి కార్బన్ శత్రువు కాదు.

నిజం పాలు ఉన్నది ఇంకోచోట. బ్యాక్‌స్పిన్ బంతిని మెల్లగా, ఎత్తుగా, నిండా తిప్పి ఎత్తే లూప్‌నే ఆటకు ఆధారం చేసుకున్నవాళ్లకు, పైపొర కిందే గట్టి కార్బన్ ఉన్న బ్లేడ్ ఇబ్బంది పెడుతుంది. బంతి పల్లంగా దూసుకెళ్తుంది, నెట్ మీదుగా దాటే ఆ వంపు దొరకదు. చిన్న పుష్‌లు, షార్ట్ సర్వీస్ రిసీవ్‌లు కూడా లేచిపోతాయి.

అపోహ: చెక్క బంతిని కాసేపు పట్టి ఉంచుతుంది, కార్బన్ వెంటనే వదిలేస్తుంది.

వాస్తవం: ఆ "కాసేపు" సెకనులో వెయ్యో వంతుకు అటూఇటూ. తగిలిన కబురు చేతి నుంచి మెదడుకు చేరేలోపే బంతి బ్యాట్‌ని వదిలి వెళ్లిపోతుంది. పట్టి ఉంచినట్టు అనిపించడం మాత్రం భ్రమ కాదు. మనకు తెలిసేది బ్లేడ్ కంపనం, దాని చప్పుడు. ఆల్‌వుడ్ ఎక్కువగా వంగి ఎక్కువగా అదురుతుంది కాబట్టి బంతి ఎక్కడ తగిలిందో, పలుచగా తగిలిందో లోతుగా తగిలిందో చేతికి చెప్తుంది. కార్బన్‌తో కలిపి నేసిన ఆరిలేట్ ఆ అదురును మింగేస్తుంది. నేర్చుకునే పిల్లలకు ఆల్‌వుడ్ ఇవ్వమనడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదొక్కటే. పొరపాటు చేసిన క్షణంలోనే అది చేతికి తెలియాలి.

అపోహ: కార్బన్ బ్లేడ్లన్నీ ఒకటే.

వాస్తవం: పొర ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న. పైచెక్క కిందే ఉంటే చిన్న దెబ్బకు కూడా కార్బన్ బదులు పలుకుతుంది. లోపల, నడిమి చెక్కను ఆనుకుని ఉంటే మెత్తని దెబ్బకు చెక్కలా ఉండి, గట్టిగా కొట్టినప్పుడే జోరు చూపిస్తుంది. ఇన్నర్‌ఫోర్స్ రకం ఇదే, మా లాంగ్ బ్లేడ్‌లోనూ పొర లోపలే. పైచెక్క గట్టి కోటో అయితే ఒక ఆట, మెత్తని లింబా అయితే ఇంకొకటి. ఇక పెట్టె మీద అచ్చువేసే స్పీడ్, కంట్రోల్ అంకెలను నమ్మి పోల్చకండి. కంపెనీలన్నిటికీ ఉమ్మడి కొలమానం లేదు, ఎవరి లెక్క వాళ్లది.

అపోహ: కార్బన్ స్మాష్ ఆటగాళ్ల కోసం పుట్టింది, స్పిన్ ఆటగాళ్లకు పని లేదు.

వాస్తవం: ఇటీవలి చరిత్ర ఇందుకు ఎదురుగా నడిచింది. 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది. 2008లో రబ్బరు జోరు పెంచే స్పీడ్ గ్లూను నిషేధించారు. 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. మార్పు వచ్చిన ప్రతిసారీ స్పిన్‌ని నమ్ముకున్నవాళ్లు కొంత వేగం, కొంత తిప్పు పోగొట్టుకున్నారు. పోయిన వేగాన్ని బ్లేడ్ నుంచి రాబట్టుకోవడానికే వాళ్లలో చాలామంది ఆరిలేట్ కార్బన్ వైపు వెళ్లారు. దూరం నుంచి చాప్ చేసే డిఫెండర్ల సంగతి వేరు; వాళ్లకు నెమ్మదైన చెక్కే కావాలి.

అపోహ: కార్బన్ ఉంటే విరగదు.

వాస్తవం: 85 శాతం చెక్కే అయినప్పుడు చెక్క కష్టాలన్నీ దానికీ ఉంటాయి. రబ్బరు పీకేటప్పుడు పైచెక్క నారలు లేస్తాయి, టేబుల్ అంచుకు తగిలితే పెచ్చు ఊడుతుంది. పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన కాసేపటికే వాంగ్ చూచిన్ బ్యాట్ ఫొటోగ్రాఫర్ల కాళ్ల కింద పడి విరిగింది. మర్నాడు సింగిల్స్‌లో స్పేర్ బ్యాట్‌తో దిగిన అప్పటి ప్రపంచ నంబర్ వన్ స్వీడన్ ఆటగాడు మోరెగార్డ్ చేతిలో ఓడిపోయాడు. ఓటమికి బ్యాట్‌ని నిందించనని ఆయనే అన్నాడు, అది వేరే సంగతి.

స్పిన్ రాలేదని బ్లేడ్‌ని తప్పుపట్టే ముందు రబ్బరుని చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలంలో హాల్లోని తేమ రబ్బరు మీద పలుచగా పేరుకుని బంతి జారిపోతుంది. ఏళ్ల తరబడి మార్చని, దుమ్ము పట్టిన రబ్బరుదీ అదే కథ. రెడీమేడ్ బ్యాట్ పిడి మీద "కార్బన్" అని రాసి ఉన్నా పైన పట్టులేని రబ్బరుంటే స్పిన్ ఎక్కడినుంచి వస్తుంది?

పదివేలు దాటే బ్లేడ్ కొనే ఆలోచన ఉంటే బ్లేడ్, రబ్బర్లు ఒకేసారి మార్చకండి. తేడా దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. తోటి ఆటగాడి కార్బన్ బ్లేడ్ అడిగి తీసుకుని, మీ రబ్బర్లే దానికి అంటించి కొన్నాళ్లు ఆడండి. నిండు ఊపుతో లూప్ చేసినా బంతి టేబుల్ మీదే పడుతుంటే లోపలి పొర ఉన్న కార్బన్ ఒకటి కొనుక్కోండి. చెయ్యి ముడుచుకుపోతుంటే మరో ఏడాది ఆల్‌వుడ్‌తోనే ఆడండి.