శత్రువు చెబితే తెలిసిన సాహసం

1965 సెప్టెంబర్ 7. పంజాబ్‌లోని ఆదంపూర్ వైమానిక స్థావరంలో ఇంకా తెల్లవారలేదు. భారత వైమానిక దళంలో అన్నిటికంటే పాతదైన ఒకటో స్క్వాడ్రన్ మిస్టేర్ విమానాలు చీకట్లోనే రన్‌వే మీదికి వచ్చాయి. వెళ్లాల్సింది సర్గోధాకు. పాకిస్తాన్ వైమానిక దళానికి గుండెకాయ లాంటి స్థావరం అది. ముందురోజు సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ మీద పడి, నేలమీద నిలిపి ఉంచిన మన విమానాలను తగలబెట్టాయి. దానికి జవాబు చెప్పే పని వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా బృందం మీద పడింది.

ఆ దాడికి ఎంపికైన వారిలో స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య లేరు. ఎవరి విమానమైనా మొరాయిస్తే ఆ చోటు భర్తీ చేయడానికి స్టాండ్‌బైగా ఉన్నారు. ఆ అవసరం రానే వచ్చింది, దేవయ్య గాల్లోకి లేచారు. దాడి ముగించుకుని మిగతావాళ్లు ఆదంపూర్‌లో దిగారు. ఒక్క మిస్టేర్ మాత్రం రాలేదు. లెక్కల్లో ఆయన పేరు పక్కన ‘ఆచూకీ లేదు’ అని రాసుకున్నారు. ఏం జరిగిందో చెప్పగలవాళ్లు ఆదంపూర్‌లో ఎవరూ లేరు.

అజ్జమాడ బోపయ్య దేవయ్య 1932లో పుట్టారు. కర్ణాటకలోని కొడగు ఆయన సొంత ప్రాంతం. తెలుగువాళ్లలాగే కొడగులోని కొడవ ప్రజలూ ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. అజ్జమాడ ఆయన ఇంటిపేరు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య పుట్టిన నేల కొడగు. అక్కడ కుర్రాడు సైన్యంలో చేరడం వింతేమీ కాదు. దేవయ్య 1954లో వైమానిక దళంలో చేరారు. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చేనాటికి ఆయన పైలట్లకు పాఠం చెప్పే శిక్షకుడు. అప్పటికి వయసు ముప్పై రెండేళ్లు. పోరు మొదలవుతూనే ఒకటో స్క్వాడ్రన్‌కు పంపారు.

ఆయన నడిపిన విమానం గురించి కొంచెం చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఆయన చేసిన పని బరువు తెలియదు. మిస్టేర్ ఫ్రాన్స్ తయారీ. 1950ల చివర్లో మన దళంలోకి వచ్చింది. మామూలుగా ఎగురుతున్నప్పుడు ధ్వని వేగాన్ని దాటలేదు. 30 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు ఉంటాయి, గాల్లో ఉన్న విమానాన్ని కొట్టే క్షిపణులు లేవు. నేలమీది లక్ష్యాలను కొట్టడానికి పనికొచ్చే విమానం అది. పైగా ఆదంపూర్ నుంచి సర్గోధాకు వెళ్లి తిరిగి రావడానికి దాని ఇంధనం బొటాబొటిగా సరిపోతుంది. దారిలో ఎవరితోనైనా తలపడితే ఇల్లు చేరడం అనుమానమే. ఈ సంగతి బయల్దేరిన ప్రతి పైలట్‌కూ తెలుసు.

ఎదురుగా ఉన్నది అమెరికా తయారుచేసిన ఎఫ్-104 స్టార్‌ఫైటర్. ధ్వనికి రెండింతల వేగం. సైడ్‌వైండర్ క్షిపణులు, క్షణాల్లో వందల తూటాలు కక్కే ఫిరంగి. పాకిస్తాన్ దగ్గర ఉన్నవి పన్నెండే అయినా వాటి పేరు చెబితేనే ఉపఖండమంతా ఉలిక్కిపడేది.

ఆ ఉదయం సర్గోధా వైపు నుంచి ఒక స్టార్‌ఫైటర్‌లో ఫ్లైట్ లెఫ్టినెంట్ అమ్జద్ హుస్సేన్ వచ్చాడు. దాడి ముగించి తిరుగుముఖం పట్టిన మిస్టేర్లను తరిమాడు. అతని కాల్పులు దేవయ్య విమానానికి తగిలాయి. దెబ్బతిన్న విమానంతో ఏ పైలటైనా ఇంటిదారి పట్టాలనే చూస్తాడు. దేవయ్య వెనక్కి తిరిగి స్టార్‌ఫైటర్‌తో తలపడ్డారు.

పోరు నేలకు దగ్గరగా సాగింది. స్టార్‌ఫైటర్ రెక్కలు చాలా చిన్నవి. అది నిట్టనిలువుగా పైకి దూసుకుపోగలదు, శత్రువును వదిలేసి మెరుపువేగంతో పారిపోగలదు. కానీ ఇరుకు మలుపు తిరగలేదు. తిరగాలంటే వేగం తగ్గించుకోవాలి, వేగం తగ్గితే దాని గొప్పతనమే పోతుంది. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో పెనుగులాట మొదలయ్యాక మిస్టేర్‌కే కాస్త వీలు చిక్కుతుంది. శిక్షకుడిగా ఏళ్లతరబడి పనిచేసిన దేవయ్యకు ఈ లెక్క కొత్త కాదు. ఆయన ఫిరంగి గుళ్లు స్టార్‌ఫైటర్‌ను తాకాయి. అమ్జద్ హుస్సేన్ పారాచూట్‌తో దూకి బతికాడు. దేవయ్య పాకిస్తాన్ గడ్డమీదే నేలకొరిగారు.

ఇదంతా మన దేశానికి చాలాకాలం తెలియలేదు. యుద్ధంలో ఎవరు ఏం చేశారన్నది తిరిగి వచ్చిన పైలట్లు చెప్పే మాటల మీదా, వాళ్ల కెమెరాల్లోని ఫిల్ము మీదా ఆధారపడి ఉండేది. తిరిగి రానివాడి తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు. అదే యుద్ధంలో సెప్టెంబర్ 3న మన పైలట్ ట్రెవర్ కీలర్ పాకిస్తాన్ సేబర్ జెట్‌ను కొట్టిన వార్త దేశమంతా మారుమోగింది. సర్గోధాలో అదే 7వ తేదీన నిమిషంలోపే ఐదు భారత హంటర్ విమానాలను కూల్చానని పాకిస్తాన్ పైలట్ ఎం.ఎం. ఆలం చెప్పుకున్నాడు. మన రికార్డులు ఆ లెక్కను ఒప్పుకోవు, అయినా ఆ కథ అక్కడి ఇంటింటికీ చేరింది. ధ్వని వేగాన్నైనా అందుకోలేని విమానంతో స్టార్‌ఫైటర్‌ను పడగొట్టిన మనిషి మాత్రం ఆచూకీ తెలియనివాళ్ల జాబితాలో ఒక పేరుగా మిగిలాడు. ఆయన భార్య సుందరి దేవయ్యకు అన్నేళ్లూ ‘ఆచూకీ లేదు’ అన్న ఆ ఒక్క మాటే మిగిలింది.

ఈ కథలో మనసును ఎక్కువగా కలచివేసే ఘట్టం 1971లో వస్తుంది. ఆ డిసెంబర్ యుద్ధంలో అమృత్‌సర్ దగ్గర మన విమాన విధ్వంసక తుపాకులు ఒక స్టార్‌ఫైటర్‌ను కూల్చాయి. పట్టుబడ్డ పైలట్ అదే అమ్జద్ హుస్సేన్. దేవయ్య చివరి పోరును కళ్లారా చూసిన మనిషి, యుద్ధ ఖైదీగా భారతదేశంలోనే ఉన్నాడు. అతణ్ణి ఏమడగాలో ఎవరికీ తెలియదు. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉందన్న సంగతే తెలియదు.

అసలు విషయం 1979లో బయటపడింది. జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత, పాకిస్తాన్ వైమానిక దళం సహకారంతో, 1965 గగనతల యుద్ధం మీద పుస్తకం రాశాడు. అమ్జద్ హుస్సేన్ విమానం మిస్టేర్‌తో జరిగిన పోరులో కూలిందని అందులో ఉంది. ఆ పేజీలు చదివిన మన అధికారులకు ఒక్కసారిగా లెక్క తేలింది. ఆ ఉదయం సర్గోధా నుంచి తిరిగొచ్చిన మిస్టేర్ పైలట్లలో ఏ ఒక్కరూ స్టార్‌ఫైటర్‌ను కూల్చామని చెప్పలేదు. రానివాడు ఒక్కడే. స్టార్‌ఫైటర్‌ను పడగొట్టింది దేవయ్యే అయ్యుండాలి. తనేజా కూడా తన పైలట్ పక్షాన గట్టిగా నిలబడ్డారు.

ఆ తర్వాత కూడా ఏళ్లు గడిచాయి. చివరికి 1988లో, అంటే ఆయన నేలకొరిగిన 23 ఏళ్లకు, దేవయ్యకు మహావీర చక్ర ప్రకటించారు. పరమవీర చక్ర తర్వాత యుద్ధంలో చూపిన శౌర్యానికి ఇచ్చే అత్యున్నత పురస్కారం అది. సుందరి దేవయ్య దాన్ని అందుకున్నారు. శత్రుదేశం ఇచ్చిన సాక్ష్యంతో ఒక సైనికుడికి ఇంత పెద్ద గౌరవం దక్కడం మన సైనిక చరిత్రలో బహు అరుదు. ఇందుకు ఫ్రికర్‌కూ, ఓడిన సంగతి దాచకుండా చెప్పిన అమ్జద్ హుస్సేన్‌కూ మనం రుణపడి ఉన్నాం.

కొడగు తన బిడ్డను మరువలేదు. మడికేరిలో రద్దీగా ఉండే ఒక కూడలికి దేవయ్య పేరు పెట్టి, అక్కడ ఆయన విగ్రహం నిలబెట్టారు. 2025 జనవరిలో అక్షయ్ కుమార్ నటించిన హిందీ చిత్రం ‘స్కై ఫోర్స్’ ఈ గాథ ఆధారంగానే వచ్చింది. అందులో పైలట్ల పేర్లు మార్చారు, కల్పన కూడా జోడించారు. తెరమీద ఆ పైలట్ పేరు విజయ. సినిమా చూసి బయటికొచ్చిన చాలామంది ఫోన్లలో అసలు మనిషి ఎవరా అని వెతికారు. అలా వెతికిన వాళ్లలో ఎందరో తెలుగువాళ్లకు అజ్జమాడ బోపయ్య దేవయ్య పేరు మొదటిసారి కనిపించింది.