ముహూర్తం దగ్గరైంది, గుర్రం సిద్ధమేనా?

నాలుగు నెలల విశ్రాంతి తర్వాత సూరత్ పెళ్లి గుర్రాలు మళ్లీ వీధికెక్కుతాయి. ఊపిరి త్వరగానే కుదురుకుంటుంది, కాళ్లకే సమయం కావాలి

శ్రావణం వచ్చిందంటే తెలుగునాట పెళ్లి సందడి. అదే నెలలో సూరత్‌లో బ్యాండు మేళాలు మూగబోయి ఉంటాయి. తొలి ఏకాదశి నుంచి కార్తీక శుద్ధ ఏకాదశి దాకా గుజరాతీలకు చాతుర్మాసం, ముహూర్తాలుండవు. 2025లో జూలై 6న మొదలైన ఈ విరామం నవంబర్ మొదట్లో ముగిసింది. పెళ్లికొడుకును మోసే గుర్రానికీ అన్నాళ్లూ సెలవే.

ఆ సెలవు ముగిసేది మాత్రం ఒక్కసారిగా. తులసి పెళ్లి అయిందో లేదో ఊరేగింపులు మొదలవుతాయి. గుజరాతీలో వరుడి ఊరేగింపును 'వరఘోడో' అంటారు. వరుడూ గుర్రమూ కలిసిన మాట అది. కారులో వెళ్లినా పేరు అదే. నిన్నటిదాకా కొట్టంలో నిలబడ్డ నాలుగైదేళ్ల గుర్రం ఇవాళ బరువైన జీను, జరీ గుడ్డలు, వరుడు, అతడి ముందు ఓ చిన్నపిల్లాడు, ఇంతమందినీ ఇన్నిటినీ మోస్తూ డీజే హోరులో అడుగులో అడుగేయాలి.

చిక్కంతా గుర్రం బాగానే కనిపించడంలో ఉంది. పని మొదలెట్టిన కొద్ది వారాల్లోనే గుండె, ఊపిరితిత్తులు పాత సత్తువకు వస్తాయి. కండరాలకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు, ఎముకలకు నెలలు కావాలి. దాంతో గుర్రం ఉరకలేస్తుంది, కాళ్లు అందుకు సిద్ధంగా ఉండవు. లేత గుర్రానికి ముప్పు ఇంకా ఎక్కువ. వెన్నుపూసల ఎదుగుదల పూర్తవడానికి ఐదారేళ్లు పడుతుంది. పాలపళ్లు ఊడి కొత్తవి రావడం దాదాపు ఐదో ఏడు దాకా సాగుతుంది గనక నోట్లో కళ్లెమే నొప్పి పెట్టొచ్చు. తల విదిలిస్తే అది పొగరనుకుని పగ్గం బిగించేవాళ్లకు కొదవ లేదు.

అందుకే పని ఏకాదశి ముందు వారంలో కాదు, వినాయక చవితికే మొదలవ్వాలి. అప్పుడు తొమ్మిది వారాలు చేతిలో ఉంటాయి. మొదట జీను లేకుండా, పగ్గం పట్టుకుని పావుగంట నడక. ఆ తర్వాత బరువు తక్కువ, చేయి మెత్తన ఉన్న రౌతు. నడక ముప్పావుగంటకు చేరాకే ట్రాట్, అంటే నడకకూ దౌడుకూ మధ్య ఉండే కుదుపు పరుగు. అదీ రెండేసి నిమిషాలు. సమయం, వేగం ఒకేసారి పెంచకూడదు. డుమస్ బీచ్ దగ్గరే కదా అని లోతైన పొడి ఇసుకలో తోలితే టెండన్లపై భారం పడుతుంది. తడిసి గట్టిపడ్డ ఇసుక నయం. వానాకాలం తడిలో గిట్టల అడుగు కుళ్లిందేమో చూసి, లాడాలు సరిచేశాకే రోడ్డు. విశ్రాంతిలో వీపు ఆకారం మారుతుంది. నిరుటి జీను ఈ ఏడు ఒరుసుకోవచ్చు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. పనిలేని గుర్రం విషయంలో అదే ప్రమాదం. సెలవుల్లోనూ గింజలు నిండుగా పెట్టి హఠాత్తుగా పనిలో దించితే కండరాలు కొయ్యబారతాయి, మూత్రం ముదురు రంగుకు మారుతుంది. బండి గుర్రాల కాలంలో ఆదివారం సెలవు మర్నాడు కనిపించేది గనక పాశ్చాత్యులు దీన్ని 'సోమవారం జబ్బు' అన్నారు. గడ్డికి లోటుండకూడదు, గింజలు మాత్రం పని పెరిగాకే పెరగాలి.

ఇక బరువు. అమెరికాలోని ఒహాయోలో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శరీర బరువులో 20 శాతం దాకా మోసిన గుర్రాలకు పెద్ద ఇబ్బంది రాలేదు. 25, 30 శాతానికి వెళ్లేసరికి కండరాల నొప్పి బయటపడింది. 350 కిలోల గుర్రానికి 20 శాతమంటే 70 కిలోలు, జీనుతో కలిపి. వరుడొక్కడే ఆ లెక్క దాటేయొచ్చు. పిల్లాడిని ఎవరూ లెక్కలో వేయరు.

చప్పుడుకు అలవాటు చేయడానికి సూరత్‌లో వసతి ఉంది. నవరాత్రి గర్బా, దీపావళి టపాసులు రెండూ సీజన్‌కు ముందే వస్తాయి. ఆరితేరిన పెద్ద గుర్రం పక్కన దూరంగా నిలబెట్టి, బెదరనంత వరకే దగ్గరికి తేవాలి. అంత ఓపిక లేనివారి దగ్గరి దారి ముళ్ల కళ్లెం. బరువు లాగే, మోసే జంతువులకు దాన్ని వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి.

రోజూ ఉదయం పనికి ముందు ముంగాళ్ల వెనక భాగాన్ని చేత్తో తడిమి చూడాలి. వేడో, వాపో తగిలితే ఆ రోజు జీను వేయకూడదు, ముహూర్తానికి అడ్వాన్సు తీసుకుని ఉన్నా సరే.